ఇరవై ఏడో ట్యూబు

మా అమ్మ దృష్టిలో లోకంలోకెల్లా గట్టి ఆమ్లం నా నాలుకే. నేను రసాయనశాస్త్రంలో డిగ్రీ తెచ్చుకున్న రోజున కూడా ఆమె సంతోషపడుతూనే, "నీకు వేరే యాసిడ్ సీసాలు ఎందుకే, నోరు తెరిస్తే సాలదా" అంది. ఆమెను తప్పు పట్టను. ఎవరైనా ఒక మాటంటే రెండు మాటలు తిరిగి అప్పజెప్పకపోతే ఆ రోజుల్లో నాకు తిన్నది అరిగేది కాదు. ఇప్పుడు బడిలో పాఠాలు చెబుతున్నాను కాబట్టి కాస్త నెమ్మదించాను. నన్ను నెమ్మదింపజేసింది మాత్రం బడి కాదు, పలమనేరు పక్కన మా ఊళ్ళో పాలు పోసే ఒక అక్క.

డిగ్రీ అయ్యాక టీచర్ల పరీక్షకు చదువుకుంటూ రెండేళ్ళు మా ఊరి డెయిరీలో పని చేశాను. డెయిరీ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక రేకుల గది, ఒక తూకం, వెన్న శాతం చెప్పే చిన్న మిషను, గోడకు ఒక నల్లబోర్డు, దాని పక్కన దేవుడి పటం. పొద్దున ఐదున్నరకు తలుపు తీయాలి. ఏడు దాటితే టౌనులోని పెద్ద డెయిరీ నుంచి వ్యాను వచ్చి క్యాన్లు ఎత్తుకుపోతుంది. మా దగ్గర పాలు పోసేది ఇరవై ఏడు ఇళ్ళవాళ్ళు. అందరి మీదా పెత్తనానికి ఒక సెక్రటరీ ఉండేవాడు, వరసకు నాకు మామ. పాలు పరీక్ష చేసే పని నాది.

ఆ పని మీద నాకు ఎంత గర్వమో చెప్పలేను. వరసలో నిలబడ్డ వాళ్ళకు ఊరకే పాఠం చెప్పేదాన్ని. ఇనుము మూలకం, నీళ్ళు సమ్మేళనం, పాలు మాత్రం మిశ్రమం, అందులో నీళ్ళు, వెన్న, చక్కెర, లవణాలు అన్నీ వేటికవే కలిసి ఉంటాయి, కాబట్టి ఎవరైనా ఇంకోటి కలిపితే నాకు తెలిసిపోతుంది అని. "అబ్బో, ఈ సైన్సు పాప ఉండంగా మన ఆటలు సాగవప్పా" అని ఆటపట్టించేవారు. నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకునేదాన్ని.

ఒక ఎండాకాలం పొద్దున, అంతకుముందు రోజు పంపిన క్యాను ఒకటి పెద్ద డెయిరీ నుంచి వెనక్కి వచ్చింది. పాలలో సోడా ఉందని చీటీ పెట్టారు. ఎండకు పాలు పులవడం మొదలైతే వాటిలో ఆమ్లం పుడుతుంది. బట్టలుతికే సోడా క్షారం. ఒక చిటికెడు వేస్తే ఆ రెండూ ఒకదాని పొగరు ఒకటి అణుచుకుంటాయి, పులుపు తెలియకుండా పోతుంది. కాచినా విరగవు, నాలుకకూ దొరకవు. కానీ అవి తాగేది పసిపిల్లలు కూడా. ఆ సోడా ఎవరు వేశారో ఈ రోజుకీ తెలియదు. పై నుంచి మాత్రం గట్టి ఉత్తర్వు వచ్చింది. రోజూ ప్రతి ఇంటి పాలకూ సోడా పరీక్ష చేయాలి, వరసగా మూడు రోజులు దొరికితే పేరు బోర్డు మీద రాయాలి, ఒక నెల వాళ్ళ పాలు తీసుకోకూడదు.

పరీక్ష కష్టమైనదేం కాదు. గాజు ట్యూబులో కాసిని పాలు, అంతే స్పిరిటు, మూడు చుక్కల రోసాలిక్ యాసిడ్. మంచి పాలయితే బెల్లంరంగుకు తిరుగుతాయి. సోడా ఉంటే గులాబీరంగు వస్తుంది. నా దగ్గర ముప్పై బొక్కల చెక్క స్టాండు ఉండేది. వచ్చిన వరసనే ఒకటో మనిషికి ఒకటో ట్యూబు, రెండో మనిషికి రెండోది.

ఆ వారమే నాకు శుభ్రం పిచ్చి పట్టింది. ట్యూబులకు పాలజిడ్డు పట్టి ఉంటే పరీక్ష తప్పుతుందని, రోజూ సాయంత్రం వేడి నీళ్ళలో సోడా బాగా దట్టించి ట్యూబులన్నీ అందులో నానేసేదాన్ని. పొద్దున తీసి కడిగి స్టాండులో పెట్టేదాన్ని. ఆ ఏడు మా బోర్లు ఎండిపోయాయి. వెయ్యడుగులు దించినా దుమ్మే లేచింది. డెయిరీకి రోజుకు రెండు బిందెల నీళ్ళొస్తే గొప్ప. అందుకని ఒక టబ్బులో నీళ్ళు పోసుకుని, ఒకటో ట్యూబు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ ఒక్కసారి ముంచి, విదిలించి పెట్టేదాన్ని. తడి ఆరకముందే పాలు వచ్చేవి. నీళ్ళు ఎంత పొదుపుగా వాడుతున్నానో అని నన్ను నేనే మెచ్చుకునేదాన్ని కూడా.

ఇక ఆ అక్క సంగతి. యాభై ఏళ్ళు ఉంటాయి. ఊరికి దూరంగా గుట్ట అవతల ఉన్న ఇళ్ళలో ఉండేది. ఇంట్లో ఒక సీమావు. పాలు పిండి, క్యాను చంకన పెట్టుకుని కిలోమీటరున్నర నడిచి వచ్చేసరికి అందరూ అయిపోయేవారు. ఏ రోజు చూసినా ఆమెది ఇరవై ఏడో నంబరే. మాట తక్కువ మనిషి. ఊళ్ళో ఏ బాలింతకైనా పాలు చాలకపోతే ఆమె ఇంటికే గ్లాసు పంపేవారు. ఆమె ఆవు పాలు బిడ్డకు పడతాయని అందరికీ నమ్మకం.

మొదటి రోజు ఆమె పాలు గులాబీరంగు తిరిగాయి. ట్యూబు పైకెత్తి పట్టుకుని, ఇంకా పోని నలుగురికీ వినిపించేలా అడిగాను.

"ఏమక్కా, సోడా ఏసినావా?"

"సోడానా? దోసెల పిండిలో గూడా ఎయ్యను పాపా నేను."

నలుగురూ నవ్వారు. నేను నవ్వలేదు. పాలు వెనక్కి ఇచ్చేశాను. రెండో రోజూ అదే రంగు. ఈసారి ఆమె ముఖం మారింది.

"రేపు నువ్వే రా పాపా మా ఇంటికి. నీ కండ్ల ముందరే పిండతా. క్యాను నువ్వే మోసుకోని పో. నేను తాకను గూడా తాకను."

"ఇంటింటికీ వచ్చి పిండించుకునేదానికి నాకు యాడ కుదురుతుందక్కా? రంగు అబద్ధం చెప్పదు."

"సూస్తా ఉండావు గదమ్మే, కండ్ల ముందర అంత ఎర్రగా అగుపడతా ఉంటే ఇంగేం మాట్లాడతావు" అని సెక్రటరీ మామ కూడా కలిశాడు.

ఆ రోజు ఆమె వెంట వెళ్ళి ఉంటే అరగంటలో తేలిపోయేది. వెళ్ళలేదు. ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది చెప్పడానికే నాకు సిగ్గు. ఇరవై ఆరో ట్యూబు కూడా ఆ రెండు రోజులూ కాస్త గులాబీగానే ఉంది. అది సెక్రటరీ మామ ఇంటి పాలు. పొద్దుటి వెలుతురు పడి అలా కనిపిస్తోందిలే అనుకుని పక్కన పెట్టేశాను. ఇరవై ఏడో ట్యూబు మీద పడ్డదీ అదే వెలుతురని నాకు తోచలేదు.

మూడో రోజు మళ్ళీ గులాబీ. అందరూ చూస్తుండగానే నేను చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఆమె పేరు రాశాను. ఆమెకు చదవడం రాదు.

"ఏం రాసినావు పాపా?"

"నీ పేరక్కా."

"దాని కింద?"

"పాలల్లో సోడా కలిపినారు, నెల దినాలు పాలు తీసుకోము అని."

ఆమె బోర్డు వైపు చాలాసేపు చూసింది. "నా పేరు ఎవురూ యాడా రాయలేదు ఇంతదాకా" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నిన్న సాయంత్రం నుంచి నా దగ్గర పాలు తీసుకునే బాలింతరాలి ఇంట్లోవాళ్ళు గ్లాసు పంపలేదు. బిడ్డకు సోడా పాలు పోసినానేమో అని ఆ పిల్ల ఏడస్తా ఉండాదంట" అంది. అప్పుడు కూడా నా గుండె కదల్లేదు. తప్పు చేసినవాళ్ళు ఇలాగే మాట్లాడతారు అనుకున్నాను. చూడండి నా తెలివి.

అందరూ వెళ్ళిపోయారు. మామ క్యాన్లు ఎక్కించడానికి బయటికి పోయాడు. నేను వెనక్కిచ్చిన పాలు ఆమె క్యానులో పోసుకుంటుంటే చేతి మీద ఒలికాయి. పక్కనే ఉన్న నా టబ్బులో చేతులు ముంచింది.

"అయ్యో, అందులో కాదక్కా! ట్యూబులు కడిగే నీళ్ళు అవి!" అని అరిచాను.

ఆమె చేతులు బయటికి తీసి అలాగే నిలబడిపోయింది. పొదుగు మొనలు పగిలాయని పొద్దున ఆవుకు పసుపు, వెన్న కలిపి పూసి వచ్చిందట. అరచేతులకు అంటిన ఆ పసుపు ఎర్రబారింది. మామూలు ఎరుపు కాదు, పెళ్ళికొడుకుకు దిష్టి తీసే పళ్ళెంలో నీళ్ళ రంగు.

"పాపా, ఇట్ల సూడు. ఈ నీళ్ళల్లో సున్నం ఉండాదా?"

"సున్నం ఎందుకుంటుంది? నేను రోజూ వాడే నీళ్ళవి."

"మరి పసుపు యాల ఎర్రబడింది? దిష్టికి ఎర్రనీళ్ళు కలిపేటప్పుడు సున్నం ఏస్తేనే గదా ఎర్రబడేది."

పసుపు క్షారంలో ఎర్రబడుతుందని పదో తరగతి పరీక్షలో నేనే రాశాను, దానికి మార్కులు కూడా వేయించుకున్నాను. పుస్తకంలో ఉన్న ఆ పసుపూ మా ఇళ్ళల్లో ఎర్రనీళ్ళలో కలిపే పసుపూ ఒకటేనని మాత్రం ఆ క్షణం దాకా నా బుర్రకు ఎక్కలేదు.

దేవుడి పటం ముందున్న పసుపు ఒక చిటికెడు తీసి, గ్లాసులో టబ్బు నీళ్ళు పోసి వేశాను. ఎర్రబడింది. నేను తాగడానికి తెచ్చుకున్న సీసా నీళ్ళలో వేశాను. పచ్చగానే ఉంది. ఇక అంతా అర్థమైంది. సోడాలో నానిన ట్యూబులను వరసగా అదే టబ్బులో ముంచుతూ పోతే, ఒకటో ట్యూబు మంచి నీళ్ళలో మునుగుతుంది, చివరిది సోడా నీళ్ళలో మునుగుతుంది. అడుగున నిలిచిన ఆ నాలుగు చుక్కలు చాలు. చివర వచ్చే మనిషికి చివరి ట్యూబు. పాలలో కలిసిన సోడా నాది.

ఇరవై ఏడో ట్యూబును తాగే నీళ్ళతో నాలుగుసార్లు కడిగి, ఆమె పాలే మళ్ళీ పోశాను. స్పిరిటు, చుక్కలు. బెల్లంరంగు. ఆమె క్యానులోని పాలే, మూడు రోజులుగా నేను ఊరంతా వినేలా తిట్టిన పాలే.

ఇక్కడ టీచరుగా ఒక మాట చెప్పుకోవాలి. పాలలో కాస్త సోడా కలిస్తే పసుపు పట్టుకోలేదు, అంత నాజూకైన పరీక్ష కాదది. ఆమె చేతి పసుపు పట్టుకున్నది నా టబ్బును మాత్రమే. పట్టుకోవాల్సిందీ దాన్నే.

గుడ్డ తీసుకుని బోర్డు దగ్గరికి పరుగెత్తాను. గుడ్డ బోర్డుకు తగలకముందే ఆమె నా మణికట్టు పట్టుకుంది. గట్టి చెయ్యి, ముప్పై ఏళ్ళుగా పాలు పిండిన చెయ్యి.

"ఇప్పుడు తుడిస్తే ఎవురు సూస్తారు పాపా? అందరి ముందర రాసినావు. అందరి ముందర తుడుపు."

అంతే అంది. తిట్టలేదు, ఏడవలేదు, మామను పిలవలేదు. నేనయితే డెయిరీ రేకులు లేచిపోయేలా అరిచి ఉండేదాన్ని. ఆమె క్యాను చంకన పెట్టుకుని, ఎర్రబడ్డ చేతులతోనే గుట్ట వైపు నడిచి వెళ్ళిపోయింది.

ఆ రోజు నేను ఇంట్లో నోరు తెరవలేదు. మా అమ్మకు భయం వేసింది. "ఏందే, ఒళ్ళు బాగలేదా?" అని నుదురు తాకి చూసింది. చెప్పేశాను. విని, "పేరు రాసేటప్పుడు నీ చెయ్యి వణికిందా?" అని అడిగింది. లేదన్నాను. "అయితే తుడిసేటప్పుడు వణికితే వణకనీ" అని లేచి పనిలోకి పోయింది.

మరుసటి పొద్దున డెయిరీ తలుపు తీయగానే మామకు జరిగింది చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు.

"గమ్మునుండు పాపా. రెండు దినాలు పోనీ, నేనే సెరిపేస్తా. పరీక్ష తప్పు చేసినామని పెద్ద డెయిరీకి తెలిస్తే నీ పని పోతాది."

"పోతే పోనీ మామా."

నోటితో అన్నానే గానీ, లోపల అంత ధైర్యం లేదు. ఆ పని నాకు అవసరం. దాని కన్నా, సైన్సు పాప అన్న పేరు పోతుందని ఎక్కువ భయం. పాలు పోసినవాళ్ళను ఎవరినీ పోనివ్వలేదు. "రోంత సేపు ఉండండి, ఒక మాట చెప్పాల" అని బతిమాలాను. ఇరవై ఆరు మంది బోర్డు కింద నిలబడి, ఆమె పేరు మళ్ళీ మళ్ళీ చదువుకుంటూ గుసగుసలు పోతున్నారు. ఆ గుసగుసలు నాకు ఒక్కొక్కటీ వినిపిస్తూనే ఉన్నాయి.

చివరికి ఆమె వచ్చింది, ఎప్పటిలాగే ఆఖరున.

నేను టబ్బు ముందుకు లాగి, రోజూ కడిగినట్టే ట్యూబులు కడిగిన ఆ నీళ్ళలో అందరూ చూస్తుండగా పసుపు వేశాను. నీళ్ళు ఎర్రబడ్డాయి. ఆడవాళ్ళు "అయ్యో, ఎర్రనీళ్ళు!" అన్నారు. వాళ్ళకు నేను వివరించాల్సిన పనే రాలేదు. సోడా నేను వేశాను, పాలలో లేదు, ఈ అక్క మూడు రోజులు చెప్పింది నిజం, నేను వినలేదు అన్నాను. ఇరవై ఆరో ట్యూబు కూడా గులాబీగానే ఉంటే చూసి వదిలేశానని, అది ఎవరి పాలో కూడా చెప్పాను. మామ నేల చూపులు చూశాడు.

తర్వాత వెనక నుంచి ఒకాయన, "అయితే పాలల్లో సోడా కలిపింది మన సైన్సు పాపేనా అబ్బా!" అన్నాడు. గదంతా నవ్వింది. నవ్వనిచ్చాను. తిరిగి ఒక్క మాట కూడా అనలేదు, నా జన్మలో అదే మొదటిసారి.

గుడ్డ తీసుకుని బోర్డు తుడిచాను. మా అమ్మ చెప్పినట్టే చెయ్యి వణికింది. "అక్కా, నన్ను..." అని ఇంకేదో అనబోయాను. ఆమె క్యాను మూత తీసింది.

"సరేలే పాపా, పాలు సూడు. పొద్దెక్కితే పులుస్తాయి."

ఆఖరి ట్యూబును తాగే నీళ్ళతో మళ్ళీ కడిగి పరీక్ష చేసి, బెల్లంరంగు తిరిగిన ట్యూబును ఆమె చేతికే ఇచ్చాను. వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఇదేనా మంచి రంగు?" అని అడిగింది. ఇదే అన్నాను. పక్కనున్న ఆడవాళ్ళకు కూడా చూపించి, జాగ్రత్తగా తిరిగి స్టాండులో పెట్టింది. ఆ సాయంత్రం బాలింతరాలి ఇంటి నుంచి ఆమెకు మళ్ళీ గ్లాసు వెళ్ళింది. ఆ కబురు నాకు తెచ్చింది మా అమ్మ. నేను ఏడ్చింది అప్పుడు.

నా పని పోలేదు. పెద్ద డెయిరీవాళ్ళు ట్యూబులు ఎలా కడగాలో ఇంకోసారి నేర్పించి పంపారు. నేను కూడా ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. పాలు పోయకముందు ఒకటో ట్యూబునూ ఆఖరి ట్యూబునూ ఉత్త మంచినీళ్ళతో పరీక్ష చేయాలి. పాలను అనుమానించే ముందు నా గాజును అనుమానించాలి. బడిలో పిల్లలకు ప్రయోగం నేర్పేటప్పుడు మొదట చెప్పేది ఇదే. తప్పు జవాబు వచ్చిందని ఎవరైనా పక్కపిల్లను వెక్కిరిస్తే, ముందు నీ ట్యూబు కడుక్కోమంటాను. నాకు ఈ సంగతి ఏ కాలేజీలోనూ ఎవరూ చెప్పలేదు. చదువురాని ఒక మనిషి, నోరు జారకుండా, చెయ్యి పట్టుకుని నేర్పింది. ఆమె ఆ రోజు అరిచి ఉంటే నేను రెండు మాటలు ఎదురు అని గెలిచేసి ఉండేదాన్ని, అలా గెలుస్తూనే పోయి ఉండేదాన్ని.

ఆ మరుసటి ఏడు నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. చేరడానికి బయలుదేరే పొద్దున, ఇంటి ముందు చుట్టుపక్కలవాళ్ళు పోగయ్యారు. దిష్టి తీస్తానని అమ్మ పళ్ళెం తెచ్చేలోగా ఆ అక్క గుట్ట అవతల నుంచి తనే ఒక పళ్ళెం పట్టుకుని వచ్చింది. పాలు పోసి నేరుగా వచ్చినట్టుంది, చంకలో ఖాళీ క్యాను. పళ్ళెంలో పసుపునీళ్ళు ఇంకా పచ్చగానే ఉన్నాయి. కొంగు ముడి విప్పి, ఆకులో చుట్టిన సున్నం నా చేతికిచ్చింది.

"నువ్వే ఎయ్యి పాపా. ఎర్రగా చేసేది నీకు బాగా తెలుసు గదా."

అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను, కళ్ళలో నీళ్ళు పెట్టుకునే నవ్వాను. సున్నం వేశాను. ఆమె వేలితో కలిపింది, నీళ్ళు ఎర్రబడ్డాయి. మూడుసార్లు నా చుట్టూ తిప్పి, అదే వేలు ముంచి నా నుదుటి మీద బొట్టు పెట్టింది. "పోయిరా. పిల్లోళ్ళను తిట్టబాకు" అంది.

మధ్యాహ్నానికి బడికి చేరాను. హెడ్మాస్టరు పెద్ద రిజిస్టరు తెరిచి నా పేరు అడిగి రాసుకుంటుంటే, నుదుటి మీద ఏదో ఎర్రగా అంటింది తుడుచుకోమని ఒక టీచరమ్మ చెప్పింది. సాయంత్రం దాకా ఉండనివ్వండి అన్నాను.